సముద్ర తరంగములు - వాటి రాకను ముందుగా నెరుగు విధము

విహారయాత్ర యనగానే మన విద్యార్థులలో పెక్కుమందికి మొదట స్ఫురించునది సముద్రతీరము. విశాఖపట్టణము, భీమునిపట్టణము, సూర్యలంక, మైపాడు మొదలగు చోట్లకు ప్రతి సంవత్సరము ఎన్నియో కళాశాలలవారు బస్సులు మాట్లాడుకొని పోవుచుందురు. ఆ సంతోష వార్తలతోబాటు, నీటిలో దిగిన విద్యార్థులు తిరిగి గట్టు చేరలేదను విషాద వార్తలును ఏటేట పత్రికలలో చూచుచునే యున్నాము. 2024వ సంవత్సరము మే 6వ తేదీన కన్యాకుమారి జిల్లాలోని లెమూర్ బీచి వద్ద అయిదుగురు వైద్యవిద్యార్థులు కెరటములకు కొట్టుకొనిపోయి ప్రాణములు కోల్పోయిరి. ఆనాడు అచ్చట తుపాను ఏదియు లేదు. అయినను ఆ తీరమునకు పెద్ద అలలు రానున్నవని మన హైదరాబాదు నగరము నుండి ముందుగనే హెచ్చరిక వెలువడియుండెను.

సముద్రమే లేని హైదరాబాదున కూర్చుండి సముద్రమున అలలెప్పుడు లేచునో ఎట్లు చెప్పగలిగిరి? చెప్పినను ప్రాణము లెందుకు దక్కలేదు? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే ఈ చిన్న వ్యాసమున మా ఉద్దేశము.

అలల పుట్టుక

అల, కెరటము, తరంగము అని మనమును, మౌజ్, లహర్ అని ఉర్దూ సోదరులును పిలుచుకొను ఈ వస్తువు నిజమునకు నీటి ప్రయాణము కాదు, శక్తి ప్రయాణము. నడిసముద్రమున తేలుచున్న కొబ్బరికాయను గమనింపుడు. అల క్రింద నుండి పోవునప్పుడు అది కొంచెము పైకి లేచి, ముందునకు జరిగి, క్రిందికి దిగి, వెనుకకు వచ్చి దాదాపు మొదటి చోటనే నిలుచును. అల మాత్రము ముందునకు సాగిపోవును. వరిచేనిపై గాలి వీచినప్పుడు పైరు అలలు అలలుగా కదలును గాని ఏ మొక్కయు తన పాదు విడిచిపోదు. సముద్రమునందును ఇంచుమించు ఇట్లే జరుగును.

ఈ శక్తిని నీటికి ఇచ్చునది గాలి. అల ఎంత పెద్దదగునన్నది మూడు విషయములపై ఆధారపడియుండును. మొదటిది గాలి వేగము. రెండవది ఆ గాలి ఎన్ని గంటలు విడువక వీచినదన్నది. మూడవది అడ్డులేకుండ ఎంత దూరము నీటిపై వీచినదన్నది. చెరువుపై ఎంత పెనుగాలి వీచినను తాటియెత్తు అల లేవకపోవుటకు కారణము ఈ మూడవదే. దక్షిణ మహాసముద్రమున భూభాగము అత్యల్పము. అచ్చటి గాలులు వేల కిలోమీటర్ల మేర అడ్డులేక వీచును. కావుననే ప్రపంచములోని మహాతరంగములలో పెక్కింటికి అది పుట్టినిల్లయినది.

గాలి వీచుచున్న చోటనే పుట్టి అచ్చటనే గజిబిజిగా ఎగసిపడునవి ఒక జాతి. పుట్టినచోటు విడిచి, గాలి అండ లేకయే, వేల కిలోమీటర్లు ప్రయాణము చేసి, వరుసలు తీర్చి గంభీరముగా వచ్చునవి మరొక జాతి. ఈ రెండవవానిని ఇంగ్లీషున స్వెల్ అందురు. మనము దూరపు అలలందుము. తీరమున గాలి లేకున్నను, ఆకాశము నిర్మలముగా నున్నను, ఇవి వచ్చి పడవచ్చును. కేరళ తీరమున వీనిని కల్లక్కడల్ అందురు. కల్లన్ అనగా దొంగ, కడల్ అనగా సముద్రము. చెప్పకుండ వచ్చి ఇండ్లలో చొరబడు సముద్రమునకు మత్స్యకారులు పెట్టిన ఈ పేరును 2012వ సంవత్సరమున యునెస్కో శాస్త్రీయ వాడుకకు అంగీకరించినది.

ఎంత దూరము, ఎంత వేగము

ఒక అల శిఖరము దాటిన పిమ్మట రెండవ అల శిఖరము వచ్చుటకు పట్టు కాలమును ఆవర్తన కాలమందురు. తీరమున నిలిచి గడియారము చూచి ఎవరైనను దీనిని లెక్కింపవచ్చును. లోతైన నీటిలో ఈ ఒక్క అంకె తెలిసినచో అలను గూర్చి చాలభాగము తెలిసినట్లే. ఆవర్తన కాలమును 1.56 చేత గుణించినచో సెకనుకు ఎన్ని మీటర్ల వేగముతో అల నడచునో తెలియును. ఆ వేగమును మరల ఆవర్తన కాలముచే గుణించినచో తరంగ దైర్ఘ్యము వచ్చును. 12 సెకనుల అల సెకనుకు సుమారు 19 మీటర్ల వేగముతో నడచును. దాని పొడవు సుమారు 225 మీటర్లు. 16 సెకనుల అల వేగము 25 మీటర్లు, పొడవు సుమారు 400 మీటర్లు. అనగా కాలము హెచ్చిన కొలది అల వేగమును హెచ్చును.

ఇచ్చట ఒక వింత కలదు. అలలు గుంపుగా ప్రయాణము చేయునప్పుడు ఆ గుంపు వేగము ఒక్కొక్క అల వేగములో సగము మాత్రమే. గుంపునకు ముందున్న అల అణగిపోవుచుండును. వెనుక క్రొత్త అల పుట్టుచుండును. శక్తి మాత్రము గుంపుతో నడచును. కావున అలల రాకను లెక్కించువారు ఈ సగము వేగమునే తీసికొందురు.

విశాఖపట్టణమునకు దక్షిణముగా 7,000 కిలోమీటర్ల దూరమున ఒక పెనుగాలివాన లేచినదనుకొందము. అచ్చట పుట్టిన 16 సెకనుల అలలు గంటకు సుమారు 45 కిలోమీటర్ల చొప్పున ఆరున్నర దినములలో మన తీరము చేరును. 12 సెకనుల అలలకు సుమారు ఎనిమిదిన్నర దినములు పట్టును. ఒకేచోట ఒకేనాడు బయలుదేరినను పొడవైనవి ముందుగా, పొట్టివి వెనుకగా చేరును. తీరమున అలల మధ్య వ్యవధి 16 సెకనుల నుండి దినదినము తగ్గుచు వచ్చినచో, ఆ తగ్గుదల ననుసరించి గాలివాన ఎంత దూరమున పుట్టినదో లెక్క కట్టవచ్చును. హఠాత్తుగా వచ్చినదని మనమనుకొను కెరటము వారము దినముల క్రిందటనే బయలుదేరినదన్న మాట.

ఇది ఊహ కాదు. 1963వ సంవత్సరమున వాల్టర్ మంక్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును న్యూజీలాండు మొదలుకొని సమోవా, హవాయి మీదుగా అలాస్కా వరకు పరికరములు నెలకొల్పి, దక్షిణమున పుట్టిన అలలు భూమధ్యరేఖను దాటి పసిఫిక్ మహాసముద్ర మంతయు నడచి ఉత్తరమున అలాస్కా తీరమును తాకుటను కొలిచి చూపిరి.

యుద్ధము నేర్పిన విద్య

సముద్రయానము చేయువారికి గాలుల రాకపోకలను గూర్చిన జ్ఞానము పూర్వము నుండియు కలదు. మాన్సూన్ అను పదమే ఋతువు అను అర్థము గల మౌసిమ్ అను అరబీ పదము నుండి వచ్చినది. మన ఉర్దూ మౌసమ్‌ను అదియే. 15వ శతాబ్దపు అరబ్బు నావికుడు ఇబ్న్ మాజిద్ హిందూ మహాసముద్ర యానమును గూర్చి గ్రంథములు వ్రాసి, ఏ గాలికి ఏ రేవు నుండి బయలుదేరవలయునో తెలిపెను. కాని గాలిని చూచి అల ఎత్తును అంకెలలో చెప్పు విద్య రెండవ ప్రపంచ యుద్ధకాలమున గాని పుట్టలేదు.

ఆ యుద్ధమున అమెరికా సైన్యము చిన్న పడవలలో సైనికులను ఇసుక తీరములపై దింపవలసివచ్చెను. అలలు కొంత ఎత్తు మించినచో ఆ పడవలు తలక్రిందులగును. ఏనాడు దింపవచ్చునో ముందుగా చెప్పుట ఎట్లు? కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సముద్ర పరిశోధనాలయమునకు అధ్యక్షుడైన హరాల్డ్ స్వెర్‌డ్రుప్, ఆయన శిష్యుడు మంక్ కలసి ఈ సమస్యను చేపట్టిరి. గాలి వేగము, వీచిన కాలము, వీచిన మేర అను మూడింటి నుండి అల ఎత్తును, వ్యవధిని రాబట్టు పద్ధతిని నిర్మించి వాతావరణాధికారులకు నేర్పిరి. 1944 జూన్ 5న తలపెట్టిన నార్మండీ దండయాత్ర వాతావరణ ప్రాతికూల్యము వలన ఒక దినము వాయిదా పడి జూన్ 6న జరిగినదని చరిత్ర విద్యార్థులకు తెలియును. ఆనాటి నిర్ణయమునకు తోడ్పడిన సమాచారములో అలల అంచనాయు కలదు.

వారు ప్రవేశపెట్టిన కొలమానమే నేటికిని వాడుకలో నున్నది. సముద్రమున అన్ని అలలును ఒకే ఎత్తున నుండవు. వానిలో పెద్దవైన మూడవ వంతు అలల సగటును తీసికొని దానినే అల ఎత్తుగా ప్రకటింతురు. అనుభవజ్ఞుడైన నావికుడు కంటితో చూచి చెప్పు ఎత్తునకు ఇది సరిపోవును. ఈ లెక్కలో దాగియున్న ఒక సత్యమును విద్యార్థులు బాగుగా గుర్తుంచుకొనవలెను. ప్రకటించిన ఎత్తు 2 మీటర్లు అనగా ఏ అలయు 2 మీటర్లు దాటదని కాదు. వేయి అలలలో ఒకటి దాదాపు రెట్టింపు ఎత్తున వచ్చుట సహజము. పది సెకనుల కొకటి చొప్పున వేయి అలలకు మూడు గంటలలోపే పట్టును. అనగా ఒక పూట తీరమున గడుపువారికి అట్టి అల ఒకటి ఎదురగుట వింత కాదు. పైగా అల శక్తి దాని ఎత్తు వర్గమును బట్టి పెరుగును. రెట్టింపు ఎత్తుగల అలకు నాలుగు రెట్ల శక్తి యుండును. మోకాలి లోతున అరగంట సేపు క్షేమముగా నిలిచితిమి గనుక ఇక భయము లేదనుకొనుట ఎంత పొరపాటో దీనిని బట్టి గ్రహింపవచ్చును.

నేటి పద్ధతి

నేడు చేతి లెక్కల స్థానమున గణన యంత్రములు వచ్చినవి. మహాసముద్రములను గళ్లు గళ్లుగా విభజించి, ఒక్కొక్క గడియందు ఏ దిక్కున ఏ వ్యవధిగల అలలలో ఎంత శక్తి కలదో, గాలి దానికి ఎంత చేర్చునో, విరుగుటలో ఎంత పోవునో గంటగంటకు లెక్కించు గణిత నమూనాలు కలవు. వామ్, వేవ్‌వాచ్, స్వాన్ అనునవి వానిలో ప్రసిద్ధములు. ఉపగ్రహములు రాడార్ కిరణమును సముద్రముపైకి పంపి, తిరిగివచ్చిన ప్రతిధ్వని ఆకారమును బట్టి అల ఎత్తును కొలుచును. భారత, ఫ్రాన్సు దేశములు కలసి 2013 ఫిబ్రవరి 25న ప్రయోగించిన సరళ్ ఉపగ్రహము అట్టిదే. సముద్రమున లంగరు వేసిన తేలుడు పరికరములు తమ ఊగుటను బట్టి అలలను కొలిచి కబురు పంపుచుండును.

మన దేశమున ఈ కార్యమును నిర్వహించునది 1999వ సంవత్సరమున హైదరాబాదులో స్థాపితమైన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రము. ఇన్‌కాయిస్ అను పేరున ఇది ప్రసిద్ధము. సునామీ హెచ్చరికల కేంద్రము కూడ 2007 నుండి ఇచ్చటనే పనిచేయుచున్నది. అల ఎత్తు, వ్యవధి, దిక్కు, గాలి వేగములను రానున్న కొన్ని దినములకు ముందుగా తెలుపుటయే గాక, ప్రమాదమును బట్టి రంగుల గుర్తులతో హెచ్చరికలను కూడ ఈ కేంద్రము వెలువరించును.

ఇట్టి అంచనాల నమ్మకము ఎంతటిదో 2021 జూలైలో టోక్యో ఒలింపిక్ క్రీడలలో లోకము చూచినది. అలలపై పలకతో స్వారి చేయు సర్ఫింగ్ క్రీడకు ఒలింపిక్ క్రీడలలో అదియే ప్రథమ ప్రవేశము. పోటీస్థలమైన త్సురిగసాకి తీరము అడుగున ఇసుక గలది. అచ్చట మంచి అలలు రావని పలువురు శంకించిరి. నెపార్తాక్ అను తుపాను అలలను పంపుచున్నదని ముందుగనే తెలిసినందున నిర్వాహకులు తుది పోటీలను ఒక దినము ముందునకు జరిపి జూలై 27న ముగించిరి.

ఇసుక తీరము రహస్యము

దూరపు అల తీరమును సమీపించినప్పుడు దాని నడక మారును. నీటి లోతు తరంగ దైర్ఘ్యములో సగమునకు తగ్గినంతనే అడుగు దానికి తగులుట మొదలగును. వేగము తగ్గి, పొడవు కుదించుకొని, ఎత్తు పెరుగును. నీటి లోతునకు సుమారు నాలుగింట మూడు వంతుల కంటె అల ఎత్తు హెచ్చినప్పుడు శిఖరము ముందునకు ఒరిగి విరుగును. ఒకటిన్నర మీటరు అల రెండు మీటర్లకు కొంచెము తక్కువ లోతున విరుగునన్న మాట. తీరపు వాలు మెల్లనిదైనచో అల నురుగు కట్టుచు నెమ్మదిగా పొర్లి విరుగును. వాలు నిటారైనచో గొట్టము వలె చుట్టుకొని ఒక్కపెట్టున మీదపడును. ఈ రెండవది మెడకు, వెన్నెముకకు గాయము చేయగలదు.

రాతి తీరమున, పగడపు దిబ్బపైన అల ఎప్పుడును ఒకేచోట విరుగును. 2024 ఒలింపిక్ పోటీలు జరిగిన తహితిలోని తేఆహూపో అట్టిది. ఇసుక తీరము అట్లు కాదు. నీటి అడుగున ఇసుకతిన్నెలు దినదినము స్థానము మార్చును. నిన్న మోకాలి లోతున్న చోట నేడు నిలువు లోతు ఉండవచ్చును. ఈ తిన్నెలపై అలలు విరిగి నీటిని గట్టువైపునకు నెట్టును. అట్లు పోగుపడిన నీరు తిరిగి పోవుటకు దారి వెదకుకొని, రెండు తిన్నెల నడుమ నున్న లోతైన సందు గుండా వేగముగా లోనికి ప్రవహించును. దీనినే రిప్ ప్రవాహమందురు. సాధారణముగా దీని వేగము సెకనుకు మీటరు లోపుననే యుండును గాని, 2 మీటర్లు దాటిన సందర్భములును కలవు. ప్రపంచ విజేతలైన ఈతగాండ్ర వేగము అంతకంటె హెచ్చు కాదు.

అన్నిటికంటె మోసకరమైన విషయ మొకటి కలదు. ఆ సందున లోతు హెచ్చు గనుక అలలు విరుగవు. నురుగు కనబడదు. ఇరుప్రక్కల తెల్లని నురుగుతో కెరటములు గర్జించుచుండగా నడుమ ప్రశాంతముగా, కొంచెము నల్లగా కనిపించు నీరు ఈత రానివానిని రమ్మని పిలిచినట్లుండును. ప్రమాదము సరిగా అచ్చటనే పొంచియుండును.

ఈ ప్రవాహములను గూర్చి 1941లో షెపర్డ్, ఎమరీ, లఫాండ్ అను ముగ్గురు శాస్త్రజ్ఞులు కాలిఫోర్నియా తీరమున పరిశోధించి ప్రకటించిరి. వారిలో మూడవవాడగు లఫాండ్ పండితుడే 1950వ దశకమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఆచార్యుడై వచ్చి, విశాఖ తీరమున సముద్రశాస్త్ర పరిశోధనకు ఊతమిచ్చినవాడగుట మనకు గర్వకారణము.

విశాఖ తీరము ఈశాన్యము నుండి నైరృతికి సాగి ఆగ్నేయము వైపు చూచుచుండును. శ్రీలంక ద్వీపము కొంత అడ్డుపడినను, దక్షిణపు దూరపు అలలు బంగాళాఖాతమున ప్రవేశించి ఇచ్చటికి చేరుచునే యుండును. నైరృతి ఋతుపవన మాసములలో ఇసుక ఉత్తరపు వైపునకును, ఈశాన్య ఋతుపవన కాలమున దక్షిణపు వైపునకును తరలును. ఓడరేవు గోడల వద్ద నిలిచిపోవు ఇసుకను త్రవ్వి ఉత్తరమున నగర తీరమునకు చేర్చుచుందురు. ఇట్లు నిత్యము కదలుచున్న అడుగుగల తీరమున ఏ సందు ఎచ్చట నున్నదో హైదరాబాదులోని గణన యంత్రము చెప్పజాలదు. ఆ కేంద్రము గుమ్మము వరకు వచ్చు అతిథిని గూర్చి చెప్పగలదు. లోపల ఆ అతిథి ఏమి చేయునో ఇసుకతిన్నె నిర్ణయించును. మొదట వేసికొన్న రెండవ ప్రశ్నకు సగము సమాధానమిదియే. మిగిలిన సగము మనయందే కలదు. హెచ్చరిక వెలువడుట వేరు, అది తీరమున నిలిచిన విద్యార్థి చెవిని పడుట వేరు.

చేయవలసిన పనులు

బయలుదేరు ముందు ఆ కేంద్రము ప్రకటనలను చూడవలెను. అందు అల ఎత్తును మాత్రమే చూచి తృప్తి చెందరాదు. ఎత్తు తక్కువయైనను వ్యవధి 14, 16 సెకనులున్నచో అవి దూరపు అలలని, తీరమున ఎత్తు పెరిగి లోపలికి చొచ్చుకొని వచ్చునని గ్రహింపవలెను. పున్నమి, అమావాస్యలకు పోటు హెచ్చు. విశాఖయందు ఆ దినములలో ఆటుపోట్ల వ్యత్యాసము సుమారు ఒకటిన్నర మీటరుండును. తిథులు లెక్కించువారికిని, హిజ్రీ మాసములు లెక్కించువారికిని ఇది సులభముగా తెలియును. పోటునకు పెద్ద అలలు తోడైనచో నీరు గట్టుమీదికి దూరముగా ఎక్కును. ఆటు సమయమున రిప్ ప్రవాహములు బలపడుట కద్దు. ఉదయము భూపవనము వీచువేళ అలలు తీరుగా నుండును. మధ్యాహ్నము జలపవనము లేచినపిమ్మట గజిబిజి హెచ్చును.

తీరము చేరినంతనే నీటిలో దిగక కనీసము ఇరువది నిమిషములు ఎత్తైన చోట నిలిచి చూడవలెను. పెద్ద అలలు గుంపులుగా వచ్చును గనుక ఆ మాత్రము సేపు చూచినగాని వాని స్వరూపము తెలియదు. నురుగు లేని నల్లని సందులను గుర్తించి వానికి దూరముగా నుండవలెను. స్థానిక మత్స్యకారులను అడిగి వారి మాట వినవలెను. తడిసిన రాళ్లపై నిలిచి ఛాయాచిత్రములు తీసికొనుట మానవలెను.

ప్రవాహమున చిక్కినవారు దానికెదురు ఈదరాదు. అలసిపోవుటయే మరణమునకు ముఖ్య కారణము. ఆ ప్రవాహము లోనికి లాగును గాని అడుగునకు లాగదు. వెల్లకిల తేలి, చేయెత్తి పిలిచి, ఈత వచ్చినవారు తీరమునకు సమాంతరముగా ఈది నురుగున్న చోటు చేరి అలలతో వెనుకకు రావలెను. స్నేహితుడు కొట్టుకొనిపోవుచున్నాడని ఒకరి వెంట నొకరు దూకుట వలననే ఒక ప్రాణము పోవలసినచోట ముగ్గురు నలుగురు పోవుచున్నారు. మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బానో, త్రాడునో విసరి, రక్షకులను పిలుచుటయే నిజమైన స్నేహధర్మము.

కళాశాల కార్యవర్గమునకు మా విన్నపము ఒక్కటి. సముద్రతీర యాత్రకు అనుమతి ఇచ్చునప్పుడు బస్సు కాగితములను, తల్లిదండ్రుల అంగీకార పత్రములను పరిశీలించినట్లే ఆ దినపు అలల ప్రకటనను కూడ జతపరచవలెనను నియమము నేర్పరచవలెను. హెచ్చరిక యున్ననాడు యాత్ర మానవలెను, లేదా నీటిలో దిగరాదని ముందుగనే శాసింపవలెను. ప్రతి బస్సునందు ఒక పొడవైన త్రాడును, రెండు ఖాళీ డబ్బాలును ఉంచుటకు అగు వ్యయము అత్యల్పము.

విద్యార్థి సోదర సోదరీమణులారా! సముద్రమును చూచి భయపడుడని మేము చెప్పుట లేదు. ఏడు వేల కిలోమీటర్లు నడచి వచ్చిన అల మన పాదముల చెంత విరుగుట చూచుటకంటె వేడుక మరేమి కలదు? అది బయలుదేరిననాడే కబురు పంపుచున్నది. ఆ కబురు చదువుకొని పోవుట చదువుకొన్నవారికి తగిన పని.